ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో పుస్తకాలకి గొలుసులు వేసేవాళ్ళట, రాజుగారు అడిగినా ఇవ్వలేదట, నిజమేనా? అసలు ఆ లైబ్రరీ ఎలా నిలబడింది? మా లైబ్రరీ సైన్స్ క్లాసులో దీనిమీద సెమినార్ ఇవ్వాలి, ప్రెజెంటేషన్‌కి ఒక బొమ్మ కూడా కావాలి.

మీరు అడిగినవి రెండూ నిజమే అండి, గొలుసులూ నిజమే, రాజుగారిని కాదనడమూ నిజమే. కానీ మూడో ప్రశ్న ఒకటి వేశారు చూడండి, "ఎవరో డబ్బున్నాయన పుస్తకాలు దానం చేస్తే లైబ్రరీ అయిపోయింది, అంతేగా, అందులో సెమినార్‌కి చెప్పడానికి ఏముంది" అని, నేను జవాబు రాయడానికి కూర్చుంది దానికోసమే. ముప్ఫై ఏళ్ళ పైన యూనివర్సిటీ లైబ్రరీల్లోనే పనిచేసి రిటైరయ్యాను, కొత్త పుస్తకాలు ఎక్కించే యాక్సెషన్ రిజిస్టర్ రాయడం నుంచి ఉన్నవి లెక్క చూసే స్టాక్ వెరిఫికేషన్ దాకా అన్నీ చేతులతో చేసినవాణ్ణి, నాకు తెలిసింది ఏంటంటే పుస్తకాలు ఇస్తే లైబ్రరీ అవ్వదు. ఆ మాటకి బోడ్లియన్ కంటే మంచి సాక్ష్యం ఇంకోటి లేదు, ఎందుకంటే అదే హాల్లో, అదే పైకప్పు కింద, ఒకసారి లైబ్రరీ పెట్టి పూర్తిగా పోగొట్టుకుని మళ్ళీ పెట్టారు. మొదటిసారి ఎందుకు పోయింది, రెండోసారి ఎందుకు నిలిచింది అనేది చూస్తే మీ సెమినార్ దానంతట అదే తయారైపోతుంది.

మొదటిసారి కథ. ఇంగ్లండ్ రాజు అయిదో హెన్రీకి హంఫ్రీ అని ఒక తమ్ముడు ఉండేవాడు, గ్లాస్టర్ డ్యూక్. ఆయనకి పుస్తకాల పిచ్చి, ఇటలీ నుంచి పండితుల్ని పిలిపించి రాయించుకునేవాడు, తెప్పించుకునేవాడు. ఆయన 1447లో చనిపోయేలోపు ఆక్స్‌ఫర్డ్‌కి 281కి పైగా చేతిరాత పుస్తకాలు ఇచ్చాడు. అప్పటికి అచ్చు రాలేదు కదా, అన్నీ చేత్తో రాసినవే, ఎక్కువ భాగం తోలు మీద. యూనివర్సిటీకి అప్పటిదాకా ఉన్న పుస్తకాలు దీనిముందు లెక్కలోకి రావు. పెట్టుకోడానికి చోటు లేక, దైవశాస్త్రం చెప్పడానికి అప్పుడు కడుతున్న డివినిటీ స్కూల్ మీద ఒక అంతస్తు వేద్దాం అనుకున్నారు, డబ్బులు చాలక పని సాగీ సాగీ 1488లో గానీ తలుపులు తెరవలేదు. డ్యూక్ పోయిన నలభై ఏళ్ళకి!

సరే తెరిచారు. ఎన్నాళ్ళు ఉంది? అరవై ఏళ్ళు చాలు. మతం మారింది, ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ అయింది, ఆరో ఎడ్వర్డ్ కాలంలో పాత క్యాథలిక్ వాసన ఉన్న పుస్తకాలు ఏరిపారేయాలని పై నుంచి వచ్చింది, 1550లో రిచర్డ్ కాక్స్ అని క్రైస్ట్ చర్చ్ కాలేజీ డీన్, ఆయన ఆధ్వర్యంలో ఏరేశారు. ఏరేసినవి ఏమయ్యాయో తర్వాతి శతాబ్దంలో ఆంథొనీ వుడ్ అనే ఆక్స్‌ఫర్డ్ ఆయన రాశాడు, కొన్ని కాల్చేశారట, కొన్ని కారుచౌకగా అమ్మేశారట, చేతి తొడుగులు చేసేవాళ్ళు తొడుగుల్ని అదిమి పెట్టుకోడానికి, దర్జీలు కొలతల పట్టీలు కత్తిరించుకోడానికి, బైండింగ్ వాళ్ళు వేరే పుస్తకాలకి అట్టలు వేయడానికి కొనుక్కున్నారట. మన దగ్గర బజ్జీలు పొట్లం కట్టిచ్చే కాగితం మీద ఎవరిదో పాత నోట్సు కనపడుతుంది చూడండి, అది గుర్తొస్తుంది నాకు ఈ మాట చదివినప్పుడల్లా. 1556కి వచ్చేసరికి పుస్తకాలు లేని బల్లలు ఎందుకని బల్లలు కూడా అమ్మేశారు. హాలు వైద్యం చెప్పే డిపార్ట్‌మెంట్ చేతికి పోయింది. డ్యూక్ ఇచ్చిన ఆ 281లో ఇవాళ బోడ్లియన్‌లో ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

ఇక్కడ చాలామంది తప్పంతా మత పిచ్చి మీద వేసేసి ముందుకు వెళ్ళిపోతారు. నాకు అది సగమే అనిపిస్తుంది. ఆ లైబ్రరీకి స్థిరమైన ఆదాయం లేదు, పుస్తకాన్ని కాపాడటమే తన పని అనుకునే మనిషికి సరైన జీతం లేదు, కొత్త పుస్తకాలు వచ్చే దారి లేదు. ఈ లోపల అచ్చు వచ్చేసింది, కాలేజీలు సొంతంగా లైబ్రరీలు పెట్టుకున్నాయి, నూరేళ్ళనాటి చేతిరాత పుస్తకాల కోసం మెట్లెక్కి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఎవరికీ అవసరం లేనిదాన్ని ఏరిపారేయడం తేలిక, అడ్డుపడే నాథుడు ఉండడు కాబట్టి. నేను పనిచేసిన ఒక చోట (పేరు వద్దులెండి) ఒక పెద్ద ప్రొఫెసర్‌గారు పోయాక వాళ్ళబ్బాయి నాలుగు ఆటోల్లో నాన్నగారి పుస్తకాలు తెచ్చి ఇచ్చాడు, సభ పెట్టారు, శాలువా కప్పారు, ఫోటో పేపర్లో వచ్చింది. బీరువాలకి బడ్జెట్ లేదు, కేటలాగ్ చేయడానికి పోస్టు లేదు. అట్టపెట్టెలు మెట్ల కింద పెట్టించారు. ఆరేళ్ళ తర్వాత నేను ట్రాన్స్‌ఫర్ మీద మళ్ళీ అక్కడికి వెళ్ళి ఒక పెట్టె తెరిస్తే చేతికి చెదపుట్ట మట్టి వచ్చింది, మధ్యలో ఒక నిఘంటువు అట్ట మాత్రం అలాగే ఉంది, లోపల పేజీలు లేవు. ఆ అబ్బాయి ఎప్పుడైనా వచ్చి అడిగితే ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు. హంఫ్రీ డ్యూక్ పుస్తకాల గురించి చదివితే నాకు అవే పెట్టెలు కళ్ళముందుకి వస్తాయి.

ఇప్పుడు రెండోసారి. థామస్ బోడ్లీ, 1545లో ఎక్సెటర్‌లో పుట్టాడు, ప్రొటెస్టెంట్ కుటుంబం, క్యాథలిక్ మేరీ రాణి కాలంలో ప్రాణభయంతో దేశం వదిలి జెనీవా చేరారు, పిల్లవాడు అక్కడే గ్రీకు, హీబ్రూ వినడం మొదలుపెట్టాడు. ఎలిజబెత్ వచ్చాక తిరిగొచ్చి ఆక్స్‌ఫర్డ్‌లో చదివి మెర్టన్ కాలేజీలో గ్రీకు పాఠాలు చెప్పాడు, తర్వాత దౌత్యం ఉద్యోగం, 1588 నుంచి చాలా ఏళ్ళు హేగ్‌లో ఇంగ్లండ్ తరఫున ఉన్నాడు. 1586లో ఆన్ బాల్ అని ఒక వితంతువుని పెళ్ళి చేసుకున్నాడు, ఆవిడ మొదటి భర్త సార్డైన్ జాతి చేపల వ్యాపారంలో బాగా సంపాదించినాయన. అంటే ప్రపంచంలో గొప్ప లైబ్రరీల్లో ఒకదాని పునాదిలో చేపల డబ్బు ఉంది, ఇది సెమినార్‌లో తప్పకుండా చెప్పండి, లైబ్రరీలు ఆకాశం నుంచి ఊడిపడవు, ఎవరో ఎక్కడో ఉప్పు చేప అమ్మితే వచ్చిన రూపాయి అది.

దర్బారు రాజకీయాలతో విసిగిపోయి పదవుల్లోంచి తప్పుకున్నాడు. 1598 ఫిబ్రవరి 23న యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌కి ఉత్తరం రాశాడు, ఆ పాత లైబ్రరీ హాలుని నా ఖర్చుతో బాగుచేయిస్తాను, బల్లలు షెల్ఫులు పెట్టిస్తాను అని. తర్వాత తన జీవితం గురించి రాసుకుంటూ ఈ పనికి నాలుగు ఉండాలి, నాకు నాలుగూ ఉన్నాయనిపించింది అన్నాడు: భాషలూ చదువూ తెలియడం, చేతిలో డబ్బు, సాయం చేసే పెద్ద స్నేహితులు, తీరిక. నా సర్వీసులో ఎన్ని కొత్త లైబ్రరీల ప్రారంభోత్సవాలు చూశానో, ప్రతిచోటా ఈ నాలుగులో ఏదో ఒకటి లేక ఆగిపోయింది, ఎక్కువసార్లు నాలుగోది.

1602 నవంబర్ 8న తెరిచారు, అప్పటికి రెండు వేల చిల్లర పుస్తకాలు. తెరవడానికి ముందే ఆయన చేసిన పనులు చూడండి. లండన్‌లో జాన్ బిల్ అని ఒక పుస్తకాల వ్యాపారిని పట్టుకుని యూరప్ పంపాడు, ఇటలీ ఊళ్ళన్నీ తిరిగి కొనుక్కురమ్మని, తర్వాత స్పెయిన్ కూడా పంపాడు. స్నేహితుల్ని డబ్బు అడిగాడు, వాల్టర్ రాలీ 50 పౌండ్లు ఇచ్చాడు. ఇచ్చినవాళ్ళ పేర్లు రాయడానికి దూడతోలు పేజీలతో ఒక పెద్ద రిజిస్టర్ చేయించి లైబ్రరీలో అందరికీ కనపడేచోట పెట్టాడు. మన గుళ్ళలో ఫ్యాన్ రెక్క మీద, గడప రాయి మీద దాత పేరు రాయించినట్టే, పేరు కనపడితే పక్కవాడు కూడా ఇస్తాడు, మనిషి ఎక్కడైనా మనిషే. అయితే ఆ దానాల్లో అన్నీ శుభ్రమైనవి కావు. ఎసెక్స్ ఎర్ల్ అనే ఇంగ్లీషు సేనాని 1600లో ఇచ్చిన రెండొందల పుస్తకాల దాకా ఎక్కడివంటే, 1596లో ఇంగ్లీషు సైన్యం పోర్చుగల్‌లో ఫారో ఊరి మీద పడ్డప్పుడు అక్కడి బిషప్‌గారి లైబ్రరీ నుంచి ఎత్తుకొచ్చినవి. ఇది దాచకుండా చెప్పండి. ఒకళ్ళ లైబ్రరీ నిండటం వెనక ఇంకొకళ్ళ లైబ్రరీ ఖాళీ అవడం చాలాచోట్ల ఉంది.

మొదటి లైబ్రేరియన్ థామస్ జేమ్స్. పుస్తకం కనపడితే వదలని మనిషి, పోప్ అంటే పడనివాడు. బోడ్లీ పెట్టిన షరతు ఏంటంటే లైబ్రేరియన్‌కి పెళ్ళి కాకూడదు, సంసారం ఉంటే మనసు లైబ్రరీ మీద ఉండదని. జేమ్స్ పెళ్ళి చేసుకుంటానని పట్టుబట్టాడు, బోడ్లీ చాలా గింజుకుని చివరికి సరే అన్నాడు, కానీ ఇది నీ ఒక్కడికే అన్నాడు. ఇద్దరి మధ్య ఉత్తరాలు కట్టలు కట్టలు, ఏ పుస్తకం ఎక్కడ పెట్టాలి, ఏ డూప్లికేట్ తీసేయాలి, జీతం చాలట్లేదు, ఎండాకాలం ఎన్ని గంటలు తెరవాలి. చదువుతుంటే మా డైరెక్టర్‌గారి ఆఫీసుకీ మాకూ మధ్య తిరిగే నోట్ ఫైల్ చదివినట్టే ఉంటుంది.

ఇప్పుడు గొలుసుల సంగతి. పెద్ద సైజు పుస్తకాలకి, అంటే ఫోలియోలకి మాత్రమే గొలుసు. పుస్తకం అట్ట అంచుకి, అంటే పేజీలు తెరుచుకునే వైపు, ఒక ఇత్తడి పట్టీ బిగించి దానికి గొలుసు తగిలిస్తారు. గొలుసు రెండో కొసన రింగు, ఆ రింగు షెల్ఫు పొడవునా ఉన్న ఇనుప కమ్మీకి ఎక్కించి ఉంటుంది. కమ్మీ చివర తాళం. అందుకే పుస్తకాలు మనం పెట్టేదానికి రివర్సులో పెట్టేవాళ్ళు, వీపు గోడవైపు, పేజీల అంచు మనవైపు, లేకపోతే తీసినప్పుడల్లా గొలుసు చుట్టుకుపోయి అట్ట చిరుగుతుంది. వీపు కనపడదు కాబట్టి వీపు మీద పేరు రాసినా లాభం లేదు. మరి ఏ పుస్తకం ఎక్కడుందో ఎలా తెలియాలి? ప్రతి వరస చివర ఒక చెక్క ఫ్రేములో ఆ వరసలో పుస్తకాల లిస్టు రాసి తగిలించేవాళ్ళు, చూసుకుని లోపలికి వెళ్ళి, పుస్తకం దించి, షెల్ఫుకే అతికించి ఉన్న ఏటవాలు బల్ల మీద పెట్టుకుని చదవాలి. గొలుసు ఎంత పొడవో అంతే మీ స్వేచ్ఛ. కిటికీ దగ్గర వెలుతురు బాగుంది, అక్కడికి తీసుకెళ్తానంటే కుదరదు. పక్కపక్క పుస్తకాలు ఇద్దరికి కావాలంటే గొలుసులు పెనవేసుకుంటాయి.

మనకి పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే అలవాటు, సంకెళ్ళు వేయడం అంటే మనసు ఒప్పుకోదు, నాకు కూడా మొదట్లో అదే. కానీ దాని అర్థం తిరగేసి చూడండి. గొలుసు వేశారంటే ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయలేదని. లైబ్రేరియన్ అనుమతి లేకుండా మీ అంతట మీరు వెళ్ళి చెయ్యి చాచి తీసుకోవచ్చు అని. అంటే అది వాళ్ళ ఓపెన్ యాక్సెస్ అన్నమాట! చిన్న పుస్తకాలకే అసలు కష్టం, అవి గొలుసుకి పనికిరావు, చొక్కాలో దోపుకుని పోవచ్చు, అందుకని అవి తాళం వేసిన చోట ఉండేవి, అడిగితే లైబ్రేరియన్ తెచ్చి చేతికిచ్చేవాడు. 1612కల్లా ఆర్ట్స్ ఎండ్ అని కొత్త రెక్క కట్టారు, అందులో షెల్ఫులు గోడ పొడవునా కింది నుంచి పైదాకా, పైన గ్యాలరీలో చిన్న పుస్తకాలు, గ్యాలరీ మెట్లకి చెక్క జాలీ, తాళం. ఇంగ్లండ్‌లో గోడకి షెల్ఫులు పెట్టడం అదే మొదలు. గొలుసులు 1757 నుంచి తీసేయడం మొదలుపెట్టారు, అంటే నూటయాభై ఏళ్ళు ఆ చప్పుడు ఉంది ఆ హాల్లో.

నిప్పు విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. చదువుకునే ప్రతివాడూ ప్రమాణం చేయాలి, పుస్తకాల మీద గీతలు గీయను, పాడుచేయను, లైబ్రరీలోకి నిప్పుగానీ మంటగానీ తేను, వెలిగించను అని. ఇంగ్లండ్ చలిలో పొయ్యి లేదు, దీపం లేదు. వెచ్చదనం కోసం పైపులు వేసింది 1845లో, కరెంటు దీపాలు పెట్టింది 1929లో! అంటే మూడొందల ఏళ్ళకి పైగా సూర్యుడు ఎంతసేపుంటే అంతసేపే చదువు. మీసాలు గడ్డకట్టే చలిలో కూర్చుని చదివిన వాళ్ళని తలుచుకుంటే మా రీడింగ్ రూమ్‌లో ఏసీ పనిచేయట్లేదని కంప్లైంట్ రాసిన స్కాలర్లు గుర్తొస్తారు, వాళ్ళ తప్పు కాదు, కానీ ఆ ప్రమాణమే లేకపోతే ఇవాళ ఆ చెక్క పైకప్పు ఉండేది కాదు. ఇప్పటికీ కొత్తగా చేరేవాళ్ళు ఆ ప్రమాణం చేస్తారు.

కేటలాగ్ 1605లో అచ్చయింది. కొంతమంది ప్రపంచంలో మొదటి అచ్చు లైబ్రరీ కేటలాగ్ ఇదే అని రాస్తారు, మీరు అలా రాయకండి, హాలండ్‌లో లైడెన్ యూనివర్సిటీ 1595లోనే వేసింది. జేమ్స్ 1605ది షెల్ఫుల వరసలో ఉంటుంది, దైవశాస్త్రం, న్యాయం, వైద్యం, ఆర్ట్స్ అని నాలుగు భాగాలు, వరసల చివర తగిలించిన లిస్టులు తెచ్చి కలిపినట్టే. 1620లో ఆయనే మళ్ళీ వేశాడు, ఈసారి మొత్తం రచయితల అక్షర క్రమం. ఈ మార్పు చిన్నది కాదు. మొదటిది లైబ్రరీలో నిలబడ్డవాడికి ఉపయోగం, రెండోది వేరే దేశంలో కూర్చున్నవాడికి కూడా ఉపయోగం, నాకు ఫలానా ఆయన పుస్తకం కావాలి, ఆక్స్‌ఫర్డ్‌లో ఉందా అని చూసుకోవచ్చు. తర్వాతి లైబ్రేరియన్ థామస్ హైడ్ 1674లో వేసిన కేటలాగ్‌ని జాన్ లాక్, అదే ఆ తత్వవేత్త, తన ఇంటి పుస్తకాలకి వాడుకున్నాడు, మధ్యమధ్యలో ఖాళీ కాగితాలు కుట్టించుకుని తన దగ్గరున్నవి గుర్తుపెట్టుకున్నాడు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, నన్నడిగితే మీ సెమినార్‌కి వెన్నెముక ఇదే. 1610లో బోడ్లీ లండన్‌లో స్టేషనర్స్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. అది అచ్చువాళ్ళు, పుస్తకాల వ్యాపారుల సంఘం. వాళ్ళు అచ్చేసి రిజిస్టర్ చేసే ప్రతి పుస్తకం ఒక కాపీ ఆక్స్‌ఫర్డ్‌కి ఊరికే ఇవ్వాలి. ఈ ఆలోచన మొదట జేమ్స్‌దే అంటారు. వ్యాపారులు సరిగ్గా పంపలేదు, ఎగ్గొట్టారు, గుర్తుచేయాల్సి వచ్చింది, అయినా దారి పడింది. తర్వాత 1662లో చట్టంలోకి వచ్చింది, 1710 చట్టంలో తొమ్మిది లైబ్రరీలకి హక్కు వచ్చింది. మన దేశంలో 1954 డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం చదువుకున్నారు కదా, తెలుగులో ఏ పుస్తకం వచ్చినా కోల్‌కతా నేషనల్ లైబ్రరీకీ చెన్నై కన్నెమరాకీ కాపీ పంపాలని, ఆ చెట్టుకి పాత వేరుల్లో ఒకటి ఇది. హంఫ్రీ డ్యూక్ దగ్గర లేనిది సరిగ్గా ఇదే, పుస్తకాలు ఆయనతోనే ఆగిపోయాయి. బోడ్లీ చనిపోయాక కూడా పుస్తకాలు నడిచొచ్చే దారి వేసి వెళ్ళాడు. జీతాలకీ కొనుగోళ్ళకీ మెయిడెన్‌హెడ్ దగ్గర భూమి, లండన్‌లో ఇళ్ళు రాసిచ్చాడు, అద్దె వస్తుంది, లైబ్రేరియన్ ఉంటాడు. 1613 జనవరి 28న పోయాడు. మార్చి 29న ఆక్స్‌ఫర్డ్‌లో అంత్యక్రియలు చేసి, మర్నాడే కొత్త భవనాల చతురస్రానికి పునాదిరాయి వేశారు. నాకు అది చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

అంతటివాడూ ఒకచోట ఘోరంగా తప్పాడు. నాటకాలు, పంచాంగాలు, ఇంగ్లీషులో రోజూ అచ్చయ్యే చిన్న పుస్తకాలు లైబ్రరీలో వద్దన్నాడు. జేమ్స్‌కి ఉత్తరాల్లో వాటిని చెత్త అన్నాడు, నలభై నాటకాల్లో ఒకటైనా ఉంచదగ్గది ఉంటుందా అన్నాడు, అవి పెడితే లైబ్రరీకి పరువు తక్కువ అని భయం. ఆయన ఈ మాట రాసేనాటికి షేక్‌స్పియర్ బతికే ఉన్నాడు. నేను బోడ్లీని ఎంత గౌరవిస్తానో చెప్పాను కదా, కానీ ఈ మాటకి మాత్రం ఒప్పుకోను. జనం చదివేది చెత్త అని లైబ్రేరియన్ అనుకున్న ప్రతిసారీ ఆ కాలపు బతుకు కొంత పోతుంది. మన దగ్గర పాత గుజిలీ పుస్తకాలు, బుర్రకథల పుస్తకాలు, డిటెక్టివ్ నవలలు ఎన్ని యూనివర్సిటీ లైబ్రరీల్లో దొరుకుతాయో వెతికి చూడండి, తెలుస్తుంది.

ఆ తప్పు ఎంత ఖరీదైందో చెప్పే కథ ఇది. 1623లో షేక్‌స్పియర్ నాటకాలు దాదాపు అన్నీ కలిపి పెద్ద ఫోలియోగా వేశారు. ఒప్పందం ప్రకారం ఒక కాపీ విడి కాగితాలుగా ఆక్స్‌ఫర్డ్‌కి వచ్చింది. 1624 ఫిబ్రవరిలో విలియం వైల్డ్‌గూస్ అనే బైండర్‌కి పంపారు, బైండింగ్ అయ్యాక గొలుసు వేసి ఆర్ట్స్ ఎండ్‌లో పెట్టారు. నాటకాలు కాబట్టి కుర్రాళ్ళు ఎగబడి చదివారు. 1660ల్లో ఇంకొన్ని నాటకాలు కలిపిన కొత్త ముద్రణ వచ్చింది, పాతది ఇంకెందుకని మిగతా డూప్లికేట్లతో కలిపి రిచర్డ్ డేవిస్ అనే ఊళ్ళో పుస్తకాల వ్యాపారికి 24 పౌండ్లకి ఇచ్చేశారు. అక్కర్లేని పుస్తకాలు ఏరి తీసేయడాన్ని మనం వీడింగ్ అంటాం కదా, అదే. దాదాపు రెండున్నర శతాబ్దాలు దాని జాడ లేదు. 1905లో గ్లాడ్విన్ టర్బట్ అనే స్టూడెంట్ ఇంట్లో ఉన్న పాత పుస్తకం ఒకటి పట్టుకుని లైబ్రరీకి వచ్చాడు, అట్ట చిరిగింది, ఎలా బాగుచేయించుకోవాలి అని అడగడానికి. అక్కడివాళ్ళు చూశారు, అట్ట అంచున గొలుసు పట్టీ పీకేసిన గాయం, బైండింగ్ తీరు 1624లో వైల్డ్‌గూస్‌కి పంపిన మిగతా పుస్తకాలతో సరిపోయింది. అది తమ పుస్తకమే! ఇంతలో అమెరికన్ కలెక్టర్ హెన్రీ ఫోల్జర్ 3,000 పౌండ్లు ఇస్తానన్నాడు. లైబ్రరీ దగ్గర అంత డబ్బు లేదు. లైబ్రేరియన్ నికల్సన్ పేపర్లలో విజ్ఞప్తి చేసి, చందాలు పోగుచేసి 1906లో 3,000 పౌండ్లకి తమ పుస్తకాన్నే తిరిగి కొనుక్కున్నాడు.

రాజుగారి సంగతి మర్చిపోలేదు, చెప్తున్నాను. రాజుకీ పార్లమెంటుకీ మధ్య అంతర్యుద్ధం టైంలో మొదటి చార్లెస్ రాజు ఆక్స్‌ఫర్డ్‌నే తన ముఖ్య స్థావరం చేసుకుని ఉన్నాడు. 1645 డిసెంబర్ చివర్లో ఒక ఫ్రెంచ్ చరిత్ర పుస్తకం కావాలని చీటీ పంపాడు, ఓబిన్యే రాసింది. లైబ్రేరియన్ జాన్ రౌస్ పుస్తకానికి బదులు బోడ్లీ రాసిన నియమాల పుస్తకం పట్టుకెళ్ళి చూపించాడు, పుస్తకం గడప దాటకూడదని అందులో ఉంది. రాజు చదివి, స్థాపించినవాడి మాట చెల్లాలి అని ఒప్పుకున్నాడు. రౌస్ ధైర్యమే కాదు, రాజు ఒప్పుకోవడం కూడా చెప్పుకోదగ్గదే. 1654లో క్రామ్‌వెల్ పోర్చుగల్ రాయబారి కోసం ఒక చేతిరాత పుస్తకం అడిగితే ఆయనకీ ఇదే జవాబు. అంటే అటు రాజు, ఇటు రాజు తల తీయించినవాడు, ఇద్దరికీ ఒకటే రూలు. నా సర్వీసులో ఒక పెద్ద అధికారి డ్రైవర్‌ని పంపి రిఫరెన్స్ పుస్తకం ఇంటికి తెమ్మన్నప్పుడు నేను రౌస్‌లా నిలబడలేకపోయాను, ఇచ్చేశాను, అది తిరిగి రాలేదు. అయితే డబ్బు విషయంలో బోడ్లియన్ కూడా నిలబడలేకపోయింది, రాజుకి 500 పౌండ్లు అప్పిచ్చింది, అదీ తిరిగి రాలేదు. 1646లో ఊరు లొంగిపోయినప్పుడు పార్లమెంటు సేనాని ఫెయిర్‌ఫాక్స్ మొదట చేసిన పని లైబ్రరీకి సైనికుల కాపలా పెట్టడం అని ఆ కాలపు రచయిత జాన్ ఆబ్రీ రాశాడు. అదే రౌస్‌కి మిల్టన్ స్నేహితుడు, తన కవితల పుస్తకం పంపితే దారిలో పోయింది, 1647లో ఇంకో కాపీ పంపుతూ రౌస్ మీద లాటిన్‌లో పద్యం రాసి జతచేశాడు.

మిగతా కలెక్షన్లు గబగబా చెప్పేస్తాను. లాడ్ అనే ఆర్చ్‌బిషప్ 1635 నుంచి 1641 దాకా దాదాపు 1,300 చేతిరాత పుస్తకాలు ఇచ్చాడు, అందులో 1640లో వచ్చిన ఒక ఆల్బమ్‌లో మన రాగమాల బొమ్మలు ఉన్నాయి, యూరప్ లైబ్రరీకి అంత త్వరగా చేరిన భారతీయ చిత్రాలు చాలా అరుదు. జాన్ సెల్డెన్ అనే లాయరు పుస్తకాలు ఎనిమిది వేల దాకా 1659లో వచ్చాయి, కోడెక్స్ మెండోసా అనే మెక్సికో ఆజ్టెక్‌ల బొమ్మల పుస్తకం వాటిలోదే. వాటిని మోయించి సర్దిన వాళ్ళలో ఇందాక చెప్పిన ఆంథొనీ వుడ్ ఒకడు, పుస్తకాలు తెరుస్తుంటే లోపల కళ్ళజోళ్ళు దొరికాయట, సెల్డెన్ గుర్తుకి పెట్టి మర్చిపోయినవి. లైబ్రేరియన్ బార్లో ఒక జత వుడ్‌కి ఇచ్చేశాడు, దాచుకోమని.

నాకు బాగా ఇష్టమైనది చైనా పుస్తకాల కథ. బోడ్లీ 1604 నుంచే చైనా పుస్తకాలు తెప్పించాడు. ఆక్స్‌ఫర్డ్‌లోనే కాదు, ఇంగ్లండ్‌లోనే వాటిని చదవగలిగినవాడు లేడు. ఎటు పైనో ఎటు కిందో కూడా తెలీదు. అయినా తెప్పించాడు, నంబరు వేయించాడు, షెల్ఫులో పెట్టించాడు. నాన్‌జింగ్ నుంచి షెన్ ఫుజోంగ్ అనే చైనా యువకుడు క్రైస్తవ మిషనరీలతో కలిసి యూరప్ వచ్చాడు, 1687లో హైడ్ ఆయన్ని ఆక్స్‌ఫర్డ్ రప్పించాడు, ఇద్దరూ కూర్చుని లాటిన్‌లో మాట్లాడుకుంటూ ఒక్కో పుస్తకం ఏంటో రాసుకున్నారు. ఎనభై మూడేళ్ళు ఆ పుస్తకాలు చదివేవాడి కోసం కాచుకుని ఉన్నాయి. నాటకాల్ని చెత్త అన్నవాడే, ఒక్క అక్షరం తెలియని పుస్తకాన్ని మాత్రం దాచాడు. రెండూ ఒకే మనిషి, రెండూ చెప్పండి.

ప్రెజెంటేషన్‌లో బొమ్మ కావాలన్నారు కదా. ఆ 1623 ఫోలియోని పేజీ పేజీ స్కాన్ చేసి బోడ్లియన్ వాళ్ళు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. రోమియో జూలియెట్ దగ్గరికి వెళ్ళి, బాల్కనీ సీన్‌కి ఎదురుగా ఉన్న పేజీని పెద్దది చేసి చూడండి. మొత్తం పుస్తకంలో ఎక్కువ అరిగిపోయింది అదే, చదివిన కుర్రాళ్ళు మోచేతులు ఆనించీ ఆనించీ కాగితం పల్చబడి చిరిగింది. గొలుసు ఉంది కదా, ఎక్కడికీ తీసుకెళ్ళలేరు, ఆ బల్ల మీదే పడి చదివారు. ఆ స్లయిడ్ చివర్లో పెట్టండి.